లైసెన్సు రెన్యువల్‌కు సీఎంఈ, సీఎన్ఈ, రిఫ్రెషర్ కోర్సులు: వరంగల్, ఉత్తర తెలంగాణ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు పనిచేసే డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు రెన్యువల్ తేదీ దగ్గర పడ్డప్పుడు అడిగే ప్రశ్నలివి. సీఎంఈ అంటే డాక్టర్ల నిరంతర వైద్య విద్య, సీఎన్ఈ అంటే నర్సులకు అలాంటిదే. మిగతా వృత్తుల వాళ్లకు పనికొచ్చే జవాబులు కొన్ని చివర్లో ఉన్నాయి. ఒక మాట ముందే చెప్పాలి. ఈ వ్యవహారంలో క్లాసులకు పోనివాళ్లకు తమకేం తక్కువైందో తెలుసు. పోయి, కూర్చుని, లెక్కలోకి రాని సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకే రెన్యువల్ రోజున దిమ్మ తిరుగుతుంది. అందుకే కింద చాలా జవాబులు క్లాసు గురించి కాక కాగితం గురించే ఉంటాయి.

అసలు ఎవరికి ఎన్ని గంటలు?

ఎంబీబీఎస్, ఆపై చదివిన డాక్టర్లకు ఐదేళ్లలో కనీసం 30 గంటల సీఎంఈ. ఇది 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి నియమావళిలో ఉన్న లెక్క. తెలంగాణలో డాక్టర్ల రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

నర్సులకు భారత నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన లెక్క ఐదేళ్లకు 150 గంటలు. సగటున ఏడాదికి 30.

ఫార్మసిస్టులకు గంటల లెక్క లేదు. ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్, 2015 ప్రకారం ఐదేళ్లలో రెండు రిఫ్రెషర్ కోర్సులు చేయాలి. ఒక్కొక్కటి కనీసం ఒక రోజు.

డాక్టర్ల 30 గంటలంటే గడియారం చూసి లెక్కపెట్టే గంటలేనా?

కాదు. ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. ఉదయం తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఐదుకు వచ్చినంత మాత్రాన ఎనిమిది గంటలు జమ కావు. కార్యక్రమం పెట్టేవాళ్లు ముందుగా మెడికల్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేస్తారు. ఎవరు ఏ అంశం మీద ఎంతసేపు మాట్లాడతారో అందులో రాస్తారు. అది చూసి కౌన్సిల్ ఇన్ని క్రెడిట్ గంటలని అనుమతి పత్రంలో రాసి ఇస్తుంది. మీ ఖాతాలో పడేది ఆ అంకె మాత్రమే. ప్రారంభోత్సవం, దీపం వెలిగించడం, శాలువాలు, భోజనం, స్టాళ్ల దగ్గర తిరగడం ఇవేవీ అందులోకి రావు.

కాబట్టి ఐదేళ్లకు ప్లాను వేసుకునేటప్పుడు రోజులు కాకుండా క్రెడిట్లు కూడుకోండి. ఏడాదికి 6 క్రెడిట్ గంటలు పడేలా చూసుకుంటే సరిపోతుంది. ఒక ఏడు పీజీ పరీక్షలో, ప్రసవమో, బదిలీయో అడ్డం రావడం మామూలే. అందుకే మొదటి మూడేళ్లలోనే 20 దాటించుకోవడం మంచిది.

వాట్సాప్‌లో పోస్టర్ వచ్చింది. అది లెక్కలోకి వచ్చేదో కాదో ఎట్లా తెలుస్తుంది?

డబ్బులు కట్టకముందే చూడాల్సినవి ఇవి.

పోస్టర్ మీద కౌన్సిల్ పేరు, క్రెడిట్ గంటల అంకె రెండూ ఉండాలి. "క్రెడిట్ గంటలకు దరఖాస్తు చేశాం" అని ఉంటే అది అనుమతి కాదు. "క్రెడిట్ పాయింట్లు ఉంటాయి" అని మాత్రమే ఉండి ఎవరిస్తున్నారో లేకపోతే నిర్వాహకులకు ఫోన్ చేసి అనుమతి పత్రం ఫొటో అడగండి. పద్ధతిగా నడిపేవాళ్లు రెండు నిమిషాల్లో పంపిస్తారు. "ఆ రోజు కౌంటర్‌లో చూసుకోండి సార్" అనే జవాబు వస్తే కాస్త ఆలోచించండి.

పత్రం చేతికొచ్చాక అందులోని తేదీ, వేదిక, అంశం పోస్టర్‌తో కలుస్తున్నాయా చూడండి. కార్యక్రమం వాయిదా పడితే పాత తేదీకి ఇచ్చిన అనుమతి కొత్త తేదీకి దానంతటదే వర్తించదు. అనుమతి ఏ కౌన్సిల్ ఇచ్చిందో కూడా ముఖ్యమే. డెంటల్, ఆయుష్, నర్సింగ్ కౌన్సిళ్లు వేటికవే. నాగ్‌పూర్‌లోనో చంద్రపూర్‌లోనో జరిగే సదస్సుకు అక్కడి కౌన్సిల్ క్రెడిట్లు ఇచ్చి ఉంటే, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వాళ్లు బయల్దేరకముందే తెలంగాణ కౌన్సిల్‌కు మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోవాలి.

హాజరు ఎట్లా నమోదవుతుంది? మధ్యలో వచ్చేస్తే?

ఉదయం సంతకం, మధ్యాహ్నం లేదా సాయంత్రం మరో సంతకం అనేది ఎక్కువ చోట్ల పద్ధతి. ఈ మధ్య క్యూఆర్ కోడ్ స్కాన్ కూడా పెడుతున్నారు. భోజనం కాగానే హాల్లో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. నాలుగున్నరకు రెండో రిజిస్టర్ తెరిచేసరికి అందులో పేర్లు పల్చబడతాయి. కౌన్సిల్ పరిశీలకుడు వచ్చిన రోజైతే ఆ తేడా ఆయన కంట పడుతుంది. ఓపీ ఉందని వచ్చేయాల్సి వస్తే ఆ రోజు క్రెడిట్ పోయినట్టే అనుకోండి. వాళ్లతో వీళ్లతో సంతకం పెట్టించే పని మాత్రం పెట్టుకోవద్దు. దొరికితే అది హాజరు లోపంగా ఆగదు, వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి పోతుంది.

రిజిస్టర్‌లో పేరు పక్కన రిజిస్ట్రేషన్ నంబరు మీ చేత్తోనే రాయండి. కౌంటర్‌లో కూర్చున్న పిల్లలు హడావుడిలో ఒక అంకె తప్పు రాస్తే ఆ గంటలు ఇంకెవరి ఖాతాలోకో పోతాయి.

సర్టిఫికెట్ చేతికి రాగానే ఏం చూసుకోవాలి?

అక్కడే నిలబడి చూడండి. రిజిస్టర్‌లో ఉన్నట్టు మీ పూర్తి పేరు, మీ రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, అంశం, క్రెడిట్ గంటల అంకె, కౌన్సిల్ అనుమతి నంబరు, నిర్వాహకుల సంతకం. వీటిలో ఏది లేకున్నా తర్వాత తెచ్చుకోవడం గగనమే. నిర్వాహక కమిటీ ఆ సాయంత్రంతో చెల్లాచెదురవుతుంది, మరుసటేడు కార్యదర్శి మారతాడు, కంప్యూటర్‌లో ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

పేరు రాయని ఖాళీ సర్టిఫికెట్ ఇచ్చి "మీరే రాసుకోండి" అంటే తీసుకోవద్దు. పాల్గొన్నందుకు ఇచ్చే అందమైన కాగితం ఒకటి, క్రెడిట్ కాగితం ఒకటి వేరువేరుగా ఇచ్చేచోట్ల రెండోది మర్చిపోయి వచ్చేవాళ్లు చాలామంది.

పేరు కలవలేదని తిప్పి పంపారు. ఏం చేయాలి?

మూడు రకాల గొడవలు తరచూ వస్తాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మొదటిది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారడం రెండోది, నర్సుల్లో ఇది ఎక్కువ. మూడోది స్పెల్లింగు: ఒకే పేరుకు ఒకచోట ఇంగ్లిష్ అక్షరం ఎక్కువ, ఇంకోచోట తక్కువ.

కౌన్సిల్‌కు ప్రమాణం రిజిస్టర్‌లో ఉన్న పేరే. కాబట్టి సీఎంఈకైనా సీఎన్ఈకైనా పేరు నమోదు చేసుకునేటప్పుడు ఆధార్ చూసి కాకుండా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూసి టైపు చేయండి. పేరు నిజంగానే మారి ఉంటే ముందు కౌన్సిల్‌లో పేరు మార్పు చేయించి, ఆ తర్వాతే రెన్యువల్‌కు పెట్టాలి. రెండూ ఒకేసారి పెడితే రెండూ ఆగుతాయి.

కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వరంగల్‌లోనే ఉంది కదా, రెన్యువల్ అక్కడ కాదా?

కాదు. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరీక్షలు పెడుతుంది, పట్టాలిస్తుంది, సీట్ల కౌన్సెలింగ్ చూస్తుంది. రిజిస్ట్రేషన్, రెన్యువల్ ఆయా కౌన్సిళ్ల పని. అవి హైదరాబాద్‌లో ఉన్నాయి, మెడికల్ కౌన్సిల్ కోఠిలో. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టినా అసలు పత్రాలు చూపించడానికి రమ్మంటే పోవాల్సిందే. హనుమకొండ నుంచి బస్సెక్కి ఉప్పల్‌లో దిగితే కోఠికి సిటీ బస్సులున్నాయి. అసలు పత్రాలతోపాటు రెండు సెట్ల జెరాక్స్‌లు ఊళ్లోనే తీయించుకుని బయల్దేరండి.

అయితే యూనివర్సిటీ గానీ, కాకతీయ మెడికల్ కాలేజీ విభాగాలు గానీ, ఐఎంఏ (భారత వైద్య సంఘం) శాఖలు గానీ పెట్టే సదస్సులకు కౌన్సిల్ అనుమతి ఉంటే ఆ గంటలు చెల్లుతాయి. వేదిక గొప్పదైనా, అనుమతి నంబరు లేకపోతే క్రెడిట్ లేదు.

నా రిజిస్ట్రేషన్ ఉమ్మడి రాష్ట్రంలో అయింది. ఇబ్బందేమైనా ఉందా?

2014 జూన్ 2కు ముందు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో నమోదై, ఇప్పుడు తెలంగాణలో ప్రాక్టీస్ చేస్తున్నవాళ్లు తెలంగాణ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉన్నారో లేదో ముందు చూసుకోవాలి. పాత నంబరుతో సీఎంఈ గంటలు పోగేసుకుంటే తర్వాత వాటిని కొత్త నంబరుకు కలిపించుకోవడం మళ్లీ ఒక పని. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లైతే పాత కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం, గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మీ మీద చర్యలేవీ లేవనే పత్రం) తెచ్చుకోవాలి. ఇవి రావడానికి పట్టే సమయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, చివరి నెలలో పరుగెత్తుతారు.

ములుగు, ఏటూరునాగారం వైపు ఉంటాం. 150 గంటల సీఎన్ఈ ఎట్లా పూర్తవుతుంది?

లెక్క వేసి చూద్దాం. రోజుకు ఆరు గంటల బోధన ఉన్న కార్యక్రమమైతే 150 గంటలకు 25 రోజులు. ఐదేళ్లకు పంచితే ఏడాదికి ఐదు రోజులు. ఇది మోయలేని బరువేమీ కాదు. కానీ ఐదో ఏడు వచ్చేదాకా ఆగితే, 25 రోజులు వదలమంటే ఏ సూపరింటెండెంటూ ఒప్పుకోరు.

ప్రభుత్వ ఉద్యోగులైతే ఆన్ డ్యూటీ కోసం కార్యక్రమం బ్రోచర్, కౌన్సిల్ అనుమతి పత్రం జతచేసి ముందే రాసి ఇవ్వండి. నోటిమాటగా సరే అన్నది జీతాల బిల్లు దగ్గర నిలవదు. హనుమకొండ ప్రైవేటు ఆసుపత్రుల్లో చేసేవాళ్లు ఏడాది మొదట్లోనే ఇద్దరిద్దరుగా తేదీలు పంచుకుంటే డ్యూటీ చార్టు చెడదు. అందరూ ఒకే సదస్సుకు పేర్లిస్తే ఎవర్నీ పంపరు.

ఆసుపత్రిలోనే వార్డు క్లాసులు పెట్టుకుంటాం కదా అంటారు. అవి మంచివే, కానీ ముందుగా నర్సింగ్ కౌన్సిల్ అనుమతి తీసుకుని నడిపితేనే సీఎన్ఈ అవుతాయి. దూరపు ఊళ్ల సిబ్బందికి అన్నిటికంటే పనికొచ్చే దారి ఇదే. నర్సింగ్ కాలేజీ ఉన్న ఆసుపత్రి ఏదైనా కౌన్సిల్‌కు దరఖాస్తు చేసి అనుమతి తెచ్చుకుంటే ముప్పై మంది ఒకేచోట కూర్చోవచ్చు, ఎవరూ హైదరాబాద్ పోనక్కర్లేదు.

టీకాలు, బీపీ-షుగర్ కార్యక్రమాల మీద ఆరోగ్య శాఖ పెట్టే ట్రైనింగులు సీఎన్ఈ కిందికి వస్తాయా?

వాటంతట అవి రావు. కౌన్సిల్ క్రెడిట్ అనుమతి ఉన్నవే వస్తాయి. ట్రైనింగ్ మొదటి రోజే అడగండి. ప్రభుత్వ ఉద్యోగుల ఐగాట్ పోర్టల్‌లో చేసిన కోర్సులకూ ఇదే సూత్రం: సర్వీసు రికార్డుకు అవి వేరు, కౌన్సిల్ లెక్క వేరు.

వెబినార్లు చెల్లుతాయా?

ఆన్‌లైన్‌కే అనుమతి ఇచ్చినట్టు పత్రంలో ఉంటే చెల్లుతాయి. హాల్లో జరిగే సదస్సుకు ఇచ్చిన క్రెడిట్లు దాని యూట్యూబ్ ప్రసారం చూసినవాళ్లకు రావు. లాగిన్ అయ్యేటప్పుడు "శామ్‌సంగ్ గెలాక్సీ" అనో, ఇంట్లో పిల్లల పేరుతోనో కాకుండా పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు పెట్టండి. హాజరు లెక్కించేది ఆ పేరుతోనే. చివర్లో వచ్చే చిన్న ప్రశ్నపత్రం నింపకుండా బయటికొస్తే కొన్నిటికి సర్టిఫికెట్టే రాదు.

ఫార్మసిస్టుల రిఫ్రెషర్ కోర్సు రెండూ ఒకే వారంలో చేసేయొచ్చా?

రెండేళ్ల ఎడంతో చేయడమే మేలు. ఐదేళ్ల గడువు చివర్లో రెండింటికీ వెతుక్కుంటే ఆ నెలలో కోర్సు దొరక్కపోవచ్చు. కోర్సు ఎవరు పెట్టినా రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ గుర్తింపు ఉందా అన్నది మొదటి ప్రశ్న. మందుల కంపెనీ తన కొత్త సరుకు గురించి పెట్టే సాయంత్రపు సమావేశం రిఫ్రెషర్ కోర్సు కాదు.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ దుకాణంలో కనపడేలా పెట్టాలన్నది కూడా ఈ నిబంధనల్లోదే. అందుకే రెన్యువల్ అయిన వెంటనే గోడ మీది కాగితం మార్చండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు గడువు దాటిన కాగితం వేలాడుతుంటే, లోపల కొత్తది ఉందని చెప్పుకుంటూ నిలబడాల్సి వస్తుంది.

దుకాణం లైసెన్సుకు ఐదేళ్ల ఫీజు కట్టాం. ఫార్మసిస్టు రెన్యువల్ కూడా అందులోనే అయిపోయినట్టా?

కాదు, ఈ రెండూ వేరు. రిటైల్ మందుల దుకాణానికి ఫారం 20, 21 లైసెన్సులు. ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కడితే అవి కొనసాగుతాయి. ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ మాత్రం ఆ మనిషి సొంతం, దాని గడువు వేరే నడుస్తుంది. దుకాణం యజమాని ఒకరు, ఫార్మసిస్టు ఇంకొకరైతే ఈ రెండో తేదీని ఎవరూ పట్టించుకోరు.

సర్టిఫికెట్ కిరాయికి ఇచ్చి వేరేచోట ఉద్యోగం చేసుకునే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. షెడ్యూల్ మందులు (డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సినవి) రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అమ్మాలని చట్టం. నెలనెలా వచ్చే ఆ కొద్దిపాటి డబ్బు కోసం మొత్తం రిజిస్ట్రేషన్‌ను పణంగా పెట్టడం తెలివైన బేరం కాదు.

కంపెనీ వాళ్లు సదస్సుకు టికెట్, రూము ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

డాక్టర్లు తీసుకోకూడదు. 2002 నియమావళికి 2009లో చేర్చిన నిబంధన ప్రకారం మందుల కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం నిషిద్ధం. 2024 మార్చిలో వచ్చిన ఫార్మా మార్కెటింగ్ నియమావళి కంపెనీల వైపు నుంచి ఇదే చెప్పింది. ప్రసంగించేవాళ్లకు తప్ప ప్రయాణ, బస ఏర్పాట్లు చేయకూడదని, విదేశాల్లో ఇలాంటి కార్యక్రమాలు పెట్టకూడదని. సదస్సు ఫీజు మీరే కట్టి రసీదు దాచుకోండి. ప్రాక్టీస్ చేసేవాళ్లు దాన్ని వృత్తి ఖర్చు కింద ఆడిటర్‌కు చూపించవచ్చు.

2023లో కొత్త నిబంధనలు వచ్చాయని విన్నాం. లెక్క మారిందా?

జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు మొదట్లో కొత్త వృత్తి నియమావళిని నోటిఫై చేసి, అదే నెలలో నిలిపివేసింది. 2002 నియమావళే అమల్లోకి మళ్లీ వచ్చింది. ఆ మూడు వారాల్లో తయారైన పీడీఎఫ్‌లు ఇప్పటికీ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

గడువు దాటింది, గంటలు తక్కువున్నాయి. ఇప్పుడేం దారి?

ముందు దరఖాస్తు పెట్టండి. గంటలు పూర్తయ్యాకే పెడదామని ఆగితే ఆలస్య రుసుము పెరుగుతుంది, రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో లేని రోజులూ పెరుగుతాయి. ఎన్ని గంటలున్నాయో నిజంగా రాసి, మిగతావి ఎప్పటికి పూర్తి చేస్తారో చెప్పి కౌన్సిల్ ఏమంటుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఈలోగా ప్రాక్టీస్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. గడువు దాటిన రిజిస్ట్రేషన్‌తో ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్, మెడికో లీగల్ రిపోర్టు కోర్టులో ప్రశ్నకు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. వృత్తి బీమా కంపెనీ కూడా క్లెయిము దగ్గర మొదట అడిగేది రిజిస్ట్రేషన్ చెల్లుబాటు గురించే.

అప్‌లోడ్ దగ్గర ఎందుకు అన్నిసార్లు తిరస్కరిస్తున్నారు?

ఎక్కువసార్లు కారణాలు చిన్నవే. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోలో అనుమతి నంబరు కనపడదు. ఇరవై సర్టిఫికెట్లు ఒకే ఫైలుగా కలిపితే సైజు దాటుతుంది. తగ్గించడానికి కుదించేసరికి అక్షరాలు అలుక్కుపోతాయి. నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ముద్ర సంతకం మీద పడి రెండూ చదవరావు. రంగులో, ఒక్కొక్కటి విడివిడిగా స్కాన్ చేసి, ఫైలు పేరులో తేదీ, గంటలు పెట్టండి: "2024-07-14, 3 గంటలు" అన్నట్టు. వెతికేవాళ్లకూ మీకూ సులువు.

ఓటీపీ పాత ఫోన్ నంబరుకు పోవడం ఇంకో తలనొప్పి. నంబరు మార్చినప్పుడు బ్యాంకుకు చెప్పినట్టే కౌన్సిల్‌కూ చెప్పాలి.

ఊళ్లలో ఆర్ఎంపీలుగా పిలిచేవాళ్లు సీఎంఈకి హాజరైతే గుర్తింపు వస్తుందా?

రాదు. సీఎంఈ అనేది ఇప్పటికే రిజిస్టరైన డాక్టరు రెన్యువల్ కోసం. ఎన్ని సర్టిఫికెట్లు గోడకు తగిలించినా రిజిస్ట్రేషన్ పుట్టదు.

డాక్టర్లు, నర్సులు కాకుండా మిగతా వృత్తులకు?

చార్టర్డ్ అకౌంటెంట్లకు మూడేళ్ల బ్లాకు. 2025 డిసెంబరు 31తో ముగిసిన బ్లాకులో, ప్రాక్టీస్ సర్టిఫికెట్ ఉండి 60 ఏళ్ల లోపు వాళ్లకు మొత్తం 120 సీపీఈ (నిరంతర వృత్తి విద్య) గంటలు. అందులో 60 గంటలు సంస్థ గుర్తించిన తరగతుల్లోనే, ఏటా కనీసం 20 అలాంటివే. ఏడాది కనీసం తప్పితే తర్వాతి ఏడు ఎక్కువ చేసి సరిపెట్టుకోవచ్చన్న నమ్మకం ప్రమాదకరం. కొత్త బ్లాకు 2026 జనవరి 1న మొదలైంది.

మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు ఎన్ఐఎస్ఎం (సెబీ ఏర్పాటు చేసిన శిక్షణ సంస్థ) సర్టిఫికెట్ గడువు ముగిసేలోపు, చివరి 12 నెలల్లో సీపీఈ చేయవచ్చు. ఒక్కరోజు దాటినా ఆ వీలు పోతుంది, మళ్లీ పరీక్షే రాయాలి. వకీళ్లకు దేశంలో తప్పనిసరి గంటల లెక్క లేదు. బడి టీచర్లకు 2020 జాతీయ విద్యావిధానం ఏటా 50 గంటల శిక్షణ ఆశించింది గానీ, దానికీ లైసెన్సు రెన్యువల్‌కూ సంబంధం లేదు.

రెన్యువల్ అయిపోయింది. పాత సర్టిఫికెట్లు పడేయొచ్చా?

కనీసం తర్వాతి రెన్యువల్ పూర్తయ్యేదాకా ఉంచండి. ఏ గంటలు ఏ ఐదేళ్లకు చూపించారో ఒక పుస్తకంలో రాసుకోండి: తేదీ, అంశం, అనుమతి నంబరు, గంటలు, వాడిన రెన్యువల్. ఒకే సర్టిఫికెట్‌ను రెండుసార్లు చూపిస్తే పొరపాటని నమ్మించడం కష్టం. రెన్యువల్ తేదీ తర్వాత హాజరైన మొదటి సదస్సు కొత్త లెక్కలోకి వస్తుంది, దాన్ని పాత కట్టలో కలపకండి.